బొట్టు లేని బోర్డు

ఆ రోజుల్లో ఏ ఫ్యాక్టరీ వాళ్లూ యంత్రాలకు కళ్లు కొనేవాళ్లు కాదు, పెంచుకునేవాళ్లు. తడ దగ్గరి సర్క్యూట్ బోర్డుల ఫ్యాక్టరీలో తప్పులు పట్టే కళ్లను, అంటే కెమెరా వెనక ఉండి చూసే ప్రోగ్రాములను, పెంచింది వెంగమ్మ. ఆమె నమూనాలుగా ఏరిపెట్టిన మంచి బోర్డులనూ చెడ్డవాటినీ చూసి కళ్లు పోటీ పడేవి. సరిగ్గా చెప్పినవే పిల్లల్ని కనేవి. పది నిమిషాలకో తరం.

ఆయుధపూజ నాడు ఫ్యాక్టరీలో పనిచేసే ఆడపిల్లలు యంత్రానికి పసుపు రాసి, ముచ్చటపడి మంచి నమూనాలన్నిటికీ కుంకుమబొట్లు పెట్టారు. మొగుడు పోయిన వెంగమ్మ బోసి నుదుటితో దూరంగా నిలబడి చూసింది.

మధ్యాహ్నానికల్లా యంత్రం కొత్త బోర్డులన్నిటినీ వెనక్కి నెట్టేయడం మొదలుపెట్టింది. బొట్టు ఉంటేనే మంచిదని కొత్త కళ్లు నేర్చేసుకున్నాయి. బయట లారీ ఎదురుచూస్తోంది.

"తరాలన్నీ తుడిచేసి మళ్లీ మొదలుపెడతానక్కా," అంది ఇంజనీరు షకీలా.

"నా పన్నెండేళ్ల పెంపకాన్ని తుడిచేస్తావా? ఒక్క గంట ఆగమ్మా."

వెంగమ్మ చెడ్డ నమూనాల్లో సగానికి తన చేత్తోనే బొట్లు పెట్టింది. మంచివాటిలో సగానికి తుడిచింది. తుడిచేటప్పుడు మాత్రం చెయ్యి కాస్త ఆగింది.

"టంకం అతుకు చూడు నాయనా, నొసలు కాదు," అని యంత్రాన్ని మందలించింది.

ఆరో తరం కళ్లు తెరిచాక, బొట్టు లేని కొత్త బోర్డుకు పచ్చదీపం వెలిగింది. షకీలా ఊపిరి పీల్చుకుంది.

వెంగమ్మ యంత్రం వీపు నిమిరింది.

"నీకు ఆరు తరాలు చాలినాయి నాయనా. మా ఊరికి ఇంకెన్ని కావాల్నో."