బోణీకి అడ్డొచ్చినవాడు

చిత్తూరు బెల్లం మండీలో బోణీకి ముందు తాగినవాడు తక్కెడ దగ్గరికి రాకూడదు. వస్తే ఆ పూట బేరాలు చెడతాయని నమ్మకం. నెత్తిన నీళ్లు కుమ్మరించి తరిమేస్తారు.

బోణీ అయ్యాక ఎవరెంత తాగినా అడిగే దిక్కు లేదు.

డెబ్బై తొమ్మిదిలో ఒక పొద్దున, ఎవరూ ఎరగని మనిషి గోడ పట్టుకుని మండీలోకి వచ్చాడు. కాళ్లు తడబడుతున్నాయి. మాట ముద్దగా ఉంది.

"ఏకాంబరమంటే ఎవురప్పా?"

ఏకాంబరం హమాలీ. బెల్లం మూట వీపున వేసుకుని, పలక మీదుగా లారీ ఎక్కించడంలో అతన్ని మించినవాడు లేడు. కానీ రోజూ సారాయి. ఈమధ్య పలక మీద కాలు వణుకుతోంది. ఆ కాలు చెడితే ఇంట్లో పొయ్యి వెలగదు. భార్య దేవకమ్మ భయమంతా అదే.

"నేనే. ఏం కావాల?"

"సారాయి మానెయ్యప్పా. నన్ను సూడు..."

హమాలీలు విరగబడి నవ్వారు.

"సూస్తానే ఉండాం. నిలబడేదానికే చాతగాలా, నీతులు సెప్పను వచ్చినాడు," అన్నాడు మేస్త్రీ వరదయ్య. "ఇంకా బోణీ కాలేదు, తరుమప్పా."

ఏకాంబరం బిందెడు నీళ్లు కుమ్మరించి ఒక్క తోపు తోశాడు. ఆ మనిషి పడ్డాడు. మళ్లీ లేవలేకపోతే ఎవరో రిక్షా ఎక్కించారు.

బోణీ బాగానే అయింది.

ఆ ఎండాకాలమే ఏకాంబరం మూటతో సహా పలక మీంచి పడ్డాడు. దేవకమ్మ అతన్ని డాక్టర్ సంపత్కుమార్ దగ్గరికి లాక్కొచ్చింది. అంతకుముందు భర్త రానన్నప్పుడు తనొక్కతే వచ్చి మొరపెట్టుకున్నది కూడా ఆయనకే.

"సారాయిని ఒళ్లు అరిగించుకునేటప్పుడు లోపల ఆమ్లజని, అదే ఆక్సిజన్, రేగి మెదడు కణాలను తింటాది," అన్నాడు డాక్టర్. "కోసిన వంకాయ గాలికి ఏమైతాదమ్మా?"

"నల్లబడతాది సామీ."

"ఇదీ అంతే. నడకను నిలబెట్టే భాగం చెడిపోతా ఉండాది. నేను పంపిన కృష్ణస్వామి సెప్పలేదా?"

ఏకాంబరం తల దించుకున్నాడు.

"తాగొచ్చినాడని తోసేసినాను సామీ."

డాక్టర్ చేతిలో కలం కింద పెట్టాడు.

"ఆ పడినప్పుడే ఆయనకు తుంటి విరిగింది. మంచంలోనే పోయినాడు."

దేవకమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏకాంబరాన్ని సిగ్గూ భయమూ ఒక్కసారే పట్టుకున్నాయి.

"ఈ పొద్దే మానేస్తా సామీ. మానేస్తే నా నడక మునుపటి మాదిరి అయితాదా?"

"మానితే ఉన్నది నిలబెట్టుకోవచ్చు," అన్నాడు డాక్టర్. "పోయింది మాత్రం రాదు. ఆ కృష్ణస్వామి సారాయి మానేసి అప్పటికి పన్నెండేండ్లప్పా."