అంచనా తప్పిన ప్యాకు

"నిన్న తీస్కున్న నెల ప్యాకు గప్పుడే ఒడిసిందా వదినా?" సిరిసిల్లల నెట్‌ఫోను నిమిషాలు అమ్మే రాజేశం నెత్తి పట్టుకున్నడు. "మస్కట్ల ఉన్న అన్న 'తిన్నవా' అని అడిగి పెట్టేస్తడంటివి. గందుకే చిన్నది ఇస్తి."

సువర్ణ కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "నిన్న గూడ గంతే మాట్లాడిండు."

"మరి నిమిషాలన్ని ఎటు పోయినయ్?"

"బట్ట నేసే సాంచె సప్పుడు లేక ఆయనకు ఆడ నిద్ర వడ్తలేదట. ఫోను సాంచె పక్కన పెట్టి రాత్రంత నేసిన. తెల్లారి సాంచె బందుపెట్టి ఫోను చెవుకాడ పెట్టుకుంటే, అటుదిక్కు ఒకటే గురక."

రాజేశంకు నవ్వాగలేదు. "నేను మాటలకే లెక్కగడ్తి. పెద్ద ప్యాకు ఇస్త గని, అన్న ఎంతసేపు పండుకుంటడు?"

సువర్ణ నవ్వుకుంటనే కండ్లు తుడుసుకుంది.

"ఇంటికాడైతే, నేను లేపేదాంక."