బోసిమెడ పెయ్య

పరుగెత్తితే మోకాళ్లకు తగిలేలా ఆ మందలో ప్రతి ఆవు మెడలోనూ ఒక గుదికర్ర వేలాడేది. కట్టిన మనిషి ఎప్పుడో పోయాడు. తాళ్లు వదులైపోయాయి. గట్టిగా తల విదిలిస్తే ఊడిపడతాయి. ఒక్కటంటే ఒక్కటి విదిలించలేదు!

కరువొచ్చింది. చెల్లెలి డొక్కలు ఎండిపోవడం చూడలేక చుక్క అనే పెయ్య కర్ర విదిలించేసి, గండి దూకి వెళ్లి, పరుగున తిరిగొచ్చింది.

"పెద్దమ్మా, గండి అవతల మోకాలెత్తు పచ్చిక! కర్రలు విదిలించి రండి."

"ఛీ, బోసిమెడతో వచ్చి మాకు చెబుతావటే?" అంది ముసలావు. "ముందు కర్ర తగిలించుకో. అప్పుడు వింటాం."

వింటారు కదా అని చుక్క మళ్లీ తాడులోకి తల దూర్చింది.

"ఇప్పుడు లక్షణంగా ఉన్నావు. ఏదీ, దూకి చూపించు."

చుక్క దూకబోయింది. కర్ర మోకాళ్లకు కొట్టుకుని గట్టుమీదే బోర్లా పడింది. మందంతా పకపకా నవ్వింది.

నవ్వనిది చెల్లెలొక్కటే. "అక్కా, నిజంగా పచ్చిక ఉందా?" అని అడిగింది.

చుక్క తన మెడలోని కర్రవంక చాలాసేపు చూసుకుంది.

"కలగన్నానేమోనే" అంది.

చెల్లెలు ఎండిన నేలను నాకుతూ పడుకుంది.