ఆకుపచ్చ టేపు

సాయంత్రం ఉపన్యాసం ఉందనగా, మధ్యాహ్నం పంటి డాక్టరు ముందుపన్ను అంచు విరిగింది. బిగుసుకుపోయిన పెన్ను మూతను పళ్లతో లాగబోయాడు. అలాంటి పనులు చెయ్యొద్దని ఏళ్ల తరబడి పేషెంట్లకు చీవాట్లు పెడుతున్నదీ ఆయనే.

క్లినిక్ పక్కగదిలోంచి భార్య వచ్చింది. ఆమె కూడా పంటి డాక్టరే. నోరు తెరిపించి చూసి, ఇంతేనా, ఇప్పుడే అతికించేస్తానంది.

ఆయన టక్కున నోరు మూసుకున్నాడు. తెల్లబరిచే జెల్ రాసిన పంటిమీద అతుకు నిలవదు. జెల్ నుంచి పంటిలోపల మిగిలిపోయిన ఆక్సిజన్ దాన్ని గట్టిపడనివ్వదు. కొన్ని వారాలు ఆగాలి, లేదా ముందుగా యాంటీ ఆక్సిడెంట్ జెల్ పూసి ఆ ఆక్సిజన్ పీడ వదిలించాలి. సాయంత్రం ఆయన మాట్లాడబోయేది సరిగ్గా దీని గురించే. చిక్కేమిటంటే, పేషెంట్లది తెలుపు పిచ్చి అని వెక్కిరించే ఈ పెద్దమనిషి, వేదికమీద మెరిసిపోదామని వారంరోజులుగా క్లినిక్ మూసేముందు గుట్టుగా పళ్లకు జెల్ రాసుకుంటున్నాడు. చెబితే ఇంట్లో పరువు పోతుంది. చెప్పకపోతే మైకు ముందు అతుకు ఊడి అందరిలో పోతుంది.

"తెల్లబరిచే జెల్ రాసుకున్నాను," అన్నాడు చివరికి, నేలచూపులు చూస్తూ.

"మీరా?"

"నేనే. నిన్న కూడా. అందుకే ముందు యాంటీ ఆక్సిడెంట్ పుయ్యి."

ఆమె పెదవి బిగబట్టి ఫ్రిజ్ దగ్గరికి వెళ్లింది. ఆయనకు తల కొట్టేసినట్టయింది. పోనీలే, ఫలితమైనా దక్కింది కదా అనుకున్నాడు. పళ్లు రోజురోజుకీ తెల్లబడటం అద్దంలో కళ్లారా చూశాడు. ఆ ధీమాతో నిన్న, పన్ను పీకించుకుని ఏడుస్తున్న పేషెంటు ముందు కూడా ఇకిలించాడు.

ఫ్రిజ్‌లో రెండు జెల్‌లూ ఒకేలాంటి సిరంజిల్లో ఉంటాయి. కలగాపులగం కాకుండా తెల్లబరిచేదానికి నీలం టేపు, యాంటీ ఆక్సిడెంట్‌కి ఆకుపచ్చ టేపు చుట్టాలని రూలు పెట్టింది ఆయనే. మరిచిపోయిన సిబ్బందిని నిలబెట్టి కడిగేస్తాడు కూడా.

ఆమె అతుకు సామాను మాత్రమే పట్టుకుని వచ్చి కూర్చుంది.

"యాంటీ ఆక్సిడెంట్ ఏదీ?" అన్నాడు కంగారుగా. "అది లేకపోతే అతుకు నిలవదు."

"భేషుగ్గా నిలుస్తుందండీ, నోరు తెరవండి. నీలం టేపుది మూత కూడా తియ్యలేదు. వారంనుంచీ మీరు రాసుకుని ఖాళీ చేసింది ఆకుపచ్చదే."