ఏడో ఎక్కం

"ఇన్‌స్పెక్షన్ అయ్యేదాకా ఆ మొద్దుపిల్లని ఇంటికి పంపెయ్యమ్మా," అన్నారు హెడ్మాస్టరు రామబ్రహ్మం.

"కృపాజ్యోతికి ఏడో ఎక్కం వచ్చేసిందండి. నెల్లాళ్ళు కూర్చోబెట్టి నేర్పా," అంది దేవమణి టీచరు.

"ఆఫీసరు తెలుగు పాఠం చదవమంటే?"

దేవమణి పిల్లని పంపేసి, హాజరుపట్టీలో ఆబ్సెంటు వేసింది.

ఆఫీసరు వచ్చీరాగానే అడిగాడు. "ఏడు ఎనిమిదులు ఎంతర్రా?"

తరగతిలో ఒక్కరూ పలకలేదు.

"యాభై ఆరు!" కిటికీ అవతల నుంచి వినిపించింది కృపాజ్యోతి గొంతు.

"ఎవరా పిల్ల? మీ బడేనా?"

"కాదండి, గరికపాడు చెక్‌పోస్టు అవతల, పక్క రాష్ట్రం నుంచి మిరపకోతలకొచ్చిన కూలీల పిల్ల," నవ్వారు రామబ్రహ్మం. "అంతేగా దేవమణీ?"

దేవమణి తల వంచుకుంది.

చువ్వలు పట్టుకుని టీచరు ముఖంలోకే చూస్తోంది కృపాజ్యోతి.

"అవునండి," అంది ఆఫీసరుతో. "నేనసలు బడికే పోనండి."