కంపెనీ వకీలు

“ముంబై లేదు, గింబై లేదు. మన మెట్‌పల్లిల కోర్టు లేదా?”

నిఖిత తల వంచలేదు. లా కాలేజీలో మూడో ఏడాది చదువుతోంది. సినిమాలు మానుకుని కంపెనీ చట్టాన్ని కథల పుస్తకంలా చదివింది. ఇంగ్లీషు తడబడకూడదని అద్దం ముందు నిలబడి తనతో తానే దెబ్బలాడుకుంది. చివరికి ముంబైలో కంపెనీల వ్యవహారాలు చూసే పెద్ద వకీళ్ల ఆఫీసులో, ఈ వేసవిలో పని నేర్చుకునే అవకాశం సంపాదించింది. ఎల్లుండిలోగా జవాబు రాయాలి. ఇంట్లో సరే అనకపోతే ఆ అవకాశం ఇంకొకరికి పోతుంది.

“కోర్టు ఉంది బాపూ. నేను కోర్టుల వాదించెటందుకు చదువుతలే. కంపెనీలకు ఒప్పందాలు రాసే పని నేర్చుకుంట.”

“కోర్టుకే పోనోళ్లు వకీళ్లెట్లయితరు?”

“లొల్లి కోర్టు దాక రాకుండ చూసుడే పెద్ద వకాలత్.”

“ఒక్కదానివి గంత దూరం పోతే మంది ఏమంటరు?”

“మంది ఈడనే ఉంటరు. నేను ముంబైల ఉంట. నాకెట్ల ఇనబడ్తది?”

కుర్చీ కిర్రుమంది. అంత పెడసరం జవాబు ఆ ఇంట్లో ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. అయినా నిఖిత వెనక్కి తగ్గలేదు.

“మీ అవ్వ నిన్ను నెత్తికెక్కించుకున్నది. ముందుగాల ఆమెను అనాలె.”

“అవ్వను నడుమ తేకు. నాతోని మాట్లాడు.”

తర్వాతి ప్రశ్న మెల్లగానే వచ్చింది. అసలు దెబ్బ అదే.

“గల్ఫ్‌ల గా కంపెనీవోళ్లే గదా నన్ను గోస పెట్టింది? చెప్పిన పని ఒకటి, చేపిచ్చింది ఒకటి. పాస్‌పోర్టు గుంజుకున్నరు. నా బిడ్డ పోయి గసుంటోళ్లకే వకీలైతదా?”

ఫోన్లో ఈ మాట వచ్చినప్పుడల్లా నిఖిత ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంది. ఈసారి తప్పించుకోదలచుకోలేదు. కళ్లు తుడుచుకుని సూటిగా చూసింది.

“అయిత. నువ్వు సంతకం పెట్టిన కాగితం ఎవరు రాసిన్రు బాపూ? వకీళ్లే గదా? గా కాగితం రాసే గదిల మన అసుంటోళ్లు ఒక్కరు గూడ లేకనే గట్ల రాసిన్రు. నేను పోయి గా గదిల కూసుంట. నువ్వు వద్దన్నా కూసుంట!”

కుర్చీ మళ్లీ కిర్రుమంది.

“గిట్లనే బిడ్డా, రేపు మీ బాపు దుబాయ్ నుంచి దిగినంక గూడ గింత గట్టిగనే అను,” అంటూ, ఇంతసేపూ బాపులా మాట్లాడిన తల్లి కుర్చీలోంచి లేచి కొంగుతో కళ్లొత్తుకుంది.