కుక్క నడిచే దారి

ఆ ఇంటి గుమ్మం దాటేటప్పుడు పాత సామాన్ల వ్యాపారి చేతుల్లో ఉన్నవి రెండే. కుడిచేతిలో నాణెం, ఎడమచేతిలో రుమాలు. నాణెం, కొనబోయే ఇంటి నేల మీద కొట్టి చూడడానికి. లోపల డొల్లగా ఉంటే చప్పుడే చెప్పేస్తుంది. ముప్పై ఏళ్ళుగా బల్లలూ బీరువాలూ అలాగే కొట్టి చూసి కొన్నాడు, ఒక్కసారి కూడా ఎవరి చేతిలోనూ మోసపోలేదు. రుమాలు చెమట తుడుచుకోడానికి తెచ్చుకున్నాడు గానీ, రెండో అడుగుకే ముక్కుకు అడ్డం పెట్టుకోవలసి వచ్చింది.

“అబ్బ! ఏమిటండీ ఈ కంపు?”

“మా ముసలిది సార్,” అన్నాడు ఇల్లుగలాయన నొచ్చుకుంటూ.

హాలు మధ్యలో ఒక కుక్క నిలబడి ఉంది. నిలబడిందనడం మర్యాదకే. దాని పొట్ట కింద నుంచి తువ్వాలు వేసి, రెండు కొసలూ పైకి పట్టుకుని ఆయనే దాన్ని మోస్తున్నాడు. కళ్ళ నిండా పుసి. మూతి నుంచి జొల్లు తీగలా సాగి ఆయన పాదం మీద పడుతోంది. ఈ గోడ నుంచి ఆ గోడ దాకా రబ్బరు పట్టాలు పరిచి ఉన్నాయి.

“కీళ్ళు అరిగిపోయాయండి. నున్నటి టైల్స్ మీద అడుగేస్తే చాలు, నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకీ పోతాయి. పట్టా ఉంటే గోళ్ళకి పట్టు దొరుకుతుంది. పాదాల కింద బొచ్చు కూడా నేనే కత్తిరిస్తాను, జారకుండా.”

వ్యాపారి రుమాలుని ముక్కుకి ఇంకా గట్టిగా నొక్కుకున్నాడు. పడగ్గదులూ వంటిల్లూ గబగబా తిరిగి నాణెంతో కొట్టాడు. అన్నిచోట్లా ఖంగుమంది.

“హాలు కూడా చూడండి,” అంది వ్యాపారి వెంట వచ్చిన భార్య మెల్లగా. “గోదాము అమ్మిన డబ్బంతా దీని మీదే పెడుతున్నాం. ఇది తేడా కొడితే మళ్ళీ లేవలేం.”

అతను వంగి, ఒక పట్టా అంచుని రెండువేళ్ళతో లేపాడు. కింద నల్లటి జిగురు, దాన్లో బొచ్చు. ఆ బొచ్చులో సన్నగా ఏదో మెదిలింది. చటుక్కున వదిలేసి చెయ్యి ప్యాంటుకి తుడుచుకున్నాడు. ఆ వెంటనే ప్యాంటుని చూసి కూడా రోత పుట్టింది.

“అన్నీ తీసి చూపిస్తాను సార్, దాందేముంది,” అన్నాడు ఇల్లుగలాయన. “కాకపోతే కాసేపు దీన్ని మీరు పట్టుకోవాలి.” జొల్లుతో తడిసిన తువ్వాలు కొసలు ముందుకి చాపాడు.

“ఛీ ఛీ! నావల్ల కాదు!” వ్యాపారి వెనక్కి గెంతాడు. “పోనీ, నువ్వు పట్టుకోవే.”

భార్య అప్పటికే గుమ్మం బయట ఉంది.

వ్యాపారి ఆ రోతని కూడా ఊరికే పోనివ్వలేదు. “ఈ కంపు వదలాలంటే నాకు ఏడాది పడుతుంది. ధర తగ్గించాల్సిందే,” అని బిగదీసుకు కూర్చున్నాడు. ఇల్లుగలాయన తలవంచుకుని తగ్గించాడు. కుక్క ఉచ్చని కూడా లాభంలో వేసుకున్నానని వ్యాపారి దారంతా నవ్వుకున్నాడు.

ఇంట్లో దిగిన రోజు ఇల్లుగలాయన లేడు, కుక్కా లేదు. పట్టాలున్నాయి. కంపూ ఉంది. మూతికి గుడ్డ కట్టుకుని, కర్రతో ఒక్కో పట్టానీ లాగి వీధిలో పడేశాడు. కింద టైల్స్‌ని రెండుగా చీలుస్తూ పెద్ద బీట, బొటనవేలు దూరేంత. నాణెంతో కొట్టాడు. డొల్ల. కాలు వేస్తే ఒక టైల్ దిగబడి, మురుగు బుడబుడమంటూ వేళ్ళ సందుల్లోంచి పైకొచ్చింది.

“కింద మురుగుగొట్టం పగిలింది,” అన్నాడు చూడ్డానికి వచ్చిన మేస్త్రి, ముక్కు మూసుకుని. “మట్టంతా కొట్టుకుపోయింది. హాలంతా తవ్వాలి. తవ్వితే గోడ ఆగుతుందని నేనైతే పూచీ పడను.”

వీధిలో పట్టాల కుప్ప దగ్గర పక్కింటి కుట్టుపని ఆవిడ నిలబడి ఉంది. చేతిలో తువ్వాలు. తువ్వాల్లో అదే కుక్క.

“ఇవి పారేస్తున్నారేంటి అన్నయ్యగారూ? మళ్ళీ కావాలిగా!”

“ఆ కుక్క... ఆయనది కదా?”

“ఆయనదెందుకవుతుంది? మాది. ఇల్లు చూడ్డానికి ఎవరైనా వస్తే తీసుకెళ్ళేవాడు. అంతకుముందు అమ్మినాయనా అంతే. పట్టాలు పరిస్తేనే పంపుతానని మొదటే చెప్పేశా. నున్నటి నేల మీద జారిపడితే దీని తుంటి ఇంకెక్కడిది?” ఆవిడ దాని తల నిమిరింది. “కంపు మాత్రం దీనిది కాదండోయ్, రోజూ వేణ్ణీళ్ళతో తుడుస్తా. ఇంతకీ మీరెప్పుడు అమ్ముతున్నారు?”

“ఛీ! మనుషులేనా వీళ్ళు!” వ్యాపారి తుపుక్కున ఉమ్మేశాడు. మళ్ళీ ఉమ్మేశాడు. మూడోసారి ఉమ్మాక, వంగి పట్టాలు ఏరుకోవడం మొదలుపెట్టాడు.

వారం తిరక్కుండా ఇల్లు చూడ్డానికి ఒకాయన వచ్చాడు. గుమ్మంలోనే ముఖం చిట్లించాడు. తువ్వాలు కొసలు పట్టుకుని నిలబడ్డ వ్యాపారి ముంజేతి మీదుగా జొల్లు కారుతోంది. తుడుచుకోలేదు. అదీ పెట్టుబడే.

“మా ముసలిది సార్. కీళ్ళు అరిగిపోయాయి.” గొంతు కూడా కాస్త వణికించాడు. “పట్టాలు తీసి చూపించమంటే చూపిస్తాను. కాకపోతే కాసేపు దీన్ని మీరు పట్టుకోవాలి.”

“దాందేముంది, ఇలా ఇవ్వండి.” ఆయన చొక్కా చేతులు పైకి మడిచి, కుక్క మూతిని తన అరచేత్తోనే తుడిచాడు. “నేను పశువుల డాక్టర్ని. మీరు నింపాదిగా తీయండి.”

తువ్వాలు చేయి మారింది. వ్యాపారి చేతుల్లో మిగిలింది జొల్లు ఒక్కటే.